చెంచాడు రసం, పది బిందెల నీళ్లు

వేసవి సెలవుల్లో ఆగిరిపల్లి వెళ్లేవారికి ఎవరూ దారి చెప్పనక్కర లేదు, ముక్కే చెబుతుంది. శోభనాచలం కొండ చుట్టుపక్కలా, అక్కడి నుంచి నూజివీడు దాకా, ఎటు చూసినా మామిడి తోటలే. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు చెట్ల కింద కుప్పలు పోసి ఉంటాయి. చాలా ఏళ్లపాటు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో ఏలూరు జిల్లాలోకి మారింది. కాని జిల్లా మారిన సంగతి మామిడిపండు ఎరగదు. దాని రుచి దానిదే!

రసం పండు తినడం కూడా ఒక విద్యే. పండును మెల్లగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి, మొదట వచ్చే సొనను పిండి పారేసి, ఆ తరవాత నోట పెట్టుకుని పీల్చాలి. తినడం అయిపోయాక మీ దగ్గర ఏం మిగులుతుంది? ఒక తొక్క, ఒక టెంక. మోచేతి దాకా కారిన రసం కడుక్కోవడానికి రెండు చెంబుల నీళ్లు ఖర్చవుతాయి. తొక్కను గేదె తింటుంది. టెంక పెరట్లో పడి తొలకరికి మొలుస్తుంది. చేతులు కడిగిన నీళ్లు అరటి పాదులోకి పోతాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు మీకు బదులు ఒక ఫాక్టరీ మామిడిపళ్లు తిన్నదనుకోండి. అది మీలాగా ఒకటీ రెండూ తిని ఊరుకోదు. రోజుకు నూరు టన్నులు తింటుంది. మరి దాని తొక్కలు ఏ గేదె తినాలి? దాని మూతి కడిగిన నీళ్లు ఏ అరటిపాదులోకి పోవాలి?

నిజానికి నూజివీడు ప్రాంతపు రసాలూ బంగినపల్లీ ఎక్కువగా తినడానికే పోతాయి. బెజవాడ పక్కనున్న నున్న మార్కెట్టులో లారీలకు ఎక్కి దూరదేశాలు వెళతాయి. గుజ్జు తీసే ఫాక్టరీలకు ముఖ్యంగా కావలసింది కలెక్టరు కాయ. దీన్నే మరి కొన్నిచోట్ల తోతాపురి అనీ, బెంగుళూరు మామిడి అనీ అంటారు. మన దేశంలో మామిడి గుజ్జుకు పేరుపడ్డ పెద్ద కేంద్రాలు రెండు: ఒకటి మన చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి. మనం ఆగిరిపల్లి తోటలో కలెక్టరు కాయలు నింపుకున్న లారీ ఎక్కి, అటువంటి ఫాక్టరీ ఒకటి చూసివద్దాం. దాని పేరు మటుకు అడగకండి. వీటన్నిటి పనీ ఇంచుమించు ఒకటే తీరు.

లారీ దిగిన కాయలను ముందుగా మాగవేస్తారు. దీనికి ఇథిలీన్ అనే వాయువు వాడతారు. కాయ మాగేటప్పుడు తనంతట తాను పుట్టించుకునే వాయువు కూడా ఇదే. కార్బైడుతో మాగవేయడాన్ని మన చట్టం ఒప్పుకోదు. మాగిన పళ్లను నీళ్ల తొట్లలో కడుగుతారు. పాడైనవాటిని ఏరి పక్కన పెడతారు. ఆ తరవాత ఒక యంత్రం టెంకను వేరుచేస్తుంది, ఇంకొకటి సన్నని జల్లెడ గుండా గుజ్జును వడగట్టి తొక్కనూ పీచునూ పక్కకు తోస్తుంది. గుజ్జును బాగా వేడిచేసి, అందులోని సూక్ష్మజీవులను చంపి, గాలి తగలకుండా పెద్ద సంచుల్లో నింపి, పీపాల్లో పెడతారు. ఆ గుజ్జు ఏడాదికి పైగా చెడకుండా ఉంటుంది. మీరు సంక్రాంతి పండక్కి తాగే మామిడి పానీయం గడిచిన వేసవినాటి పండే అన్నమాట!

ఇంతవరకూ అంతా ముచ్చటగానే ఉన్నది. ఇక పెరటివైపు వెళ్లి చూద్దాం.

నూరు టన్నుల పళ్లు లోపలికి వెళితే, గుజ్జుగా బయటికి వచ్చేది సగమో, సగానికి కాస్త ఎక్కువో. మిగిలినదంతా తొక్కలూ, టెంకలూ, పీచూను. వీటి సంగతి తరవాత చెబుతాను, ఎందుకంటే ఇవి కంటికి కనిపిస్తాయి. కనిపించే వస్తువుకు ఏదో ఒక దారి చూడవచ్చు. అసలు చిక్కంతా నీళ్లతోనే. పళ్లు కడిగిన నీళ్లు, యంత్రాలు కడిగిన నీళ్లు, నేల కడిగిన నీళ్లు, అన్నీ కాలవలో కలిసి పసుపు పచ్చగా, తియ్యని వాసన వేస్తూ వస్తాయి. వాటిలో ఉండేది ముఖ్యంగా విషం కాదు. మనం లొట్టలు వేస్తూ తాగే మామిడి రసమేగదా, చెరువులోకి వదిలితే చేపలకు కూడా విందు అవుతుందని మీరు అనుకోవచ్చు.

సరిగా దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఎందుకో ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

మనలాగే చేపలు కూడా ప్రాణవాయువు పీల్చి బతుకుతాయి. వాటికి కావలసిన ప్రాణవాయువు నీళ్లలో కరిగి ఉంటుంది. అయితే అది చాలా కొంచెం. మన వేసవి వేడిలో ఒక లీటరు మంచినీళ్లలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, అంతే. ఇందులో సగానికి తగ్గిపోతే చాలా రకాల చేపలకు ఊపిరాడదు.

ఇప్పుడు ఒక చెంచాడు, అంటే 5 గ్రాముల మామిడి రసం తీసుకోండి. అందులో సుమారు ముప్పాతిక గ్రాము చక్కెర ఉంటుంది. చెరువులోని సూక్ష్మజీవులు ఈ చక్కెరను ఆవురావురుమంటూ తింటాయి. అయితే అవి తిన్నది అరిగించుకోవడానికి ప్రాణవాయువు కావాలి. ఒక గ్రాము చక్కెర పూర్తిగా అరగడానికి ఒక గ్రాముకు పైచిలుకు ప్రాణవాయువు ఖర్చవుతుంది. ఆ లెక్కన మన చెంచాడు రసానికి దాదాపు 800 మిల్లీగ్రాములు కావాలి. లీటరుకు 8 చొప్పున, 800 మిల్లీగ్రాములు ఎన్ని లీటర్లలో ఉంటుంది? నూరు లీటర్లలో! అంటే, పది లీటర్లు పట్టే బిందెలు పది తీసుకుంటే, ఆ నీళ్లన్నిటిలోని ప్రాణవాయువునూ ఒక్క చెంచాడు మామిడి రసం ఖర్చుపెట్టించగలదు. గాలి నుంచి కొత్తది కరుగుతూనే ఉంటుందనుకోండి. కాని విందు పెద్దదైతే, కరిగేదానికంటే ఖర్చే ఎక్కువవుతుంది.

చెంచాడు రసమే ఇంత పని చేస్తే, ఫాక్టరీ కాలవ మాటేమిటి? చెరువు మీద తెల్లవారేసరికి చేపలు వెల్లకిలా తేలుతాయి. వాటికి ఎవరూ విషం పెట్టలేదు, ఊపిరాడక చచ్చిపోయాయి. ప్రాణవాయువు అయిపోయాక, దాని అవసరం లేని వేరే జాతి సూక్ష్మజీవులు నీళ్లలో కాపురం పెడతాయి. కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టేది అప్పుడే. ఆ చెరువులో గేదెలు దిగవు, పక్కనున్న బావి నీళ్లు కూడా చెడవచ్చు. ఇంకా దూరం చూస్తే, ఈ ప్రాంతాన బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు ఎన్ని ఊళ్లు తిరిగినా చివరికి చేరేది కొల్లేరే. దేశదేశాల పక్షులు వచ్చి వాలే ఆ సరస్సును 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. ఎగువన ఎవరు మూతి కడుక్కున్నా ఆ నీళ్లు దిగువనున్నవారికి చేరతాయి మరి!

కనక ఫాక్టరీ చేయవలసిన పని ఒకటే: చెరువు తినబోయే ఆ తీపిని, చెరువుకు చేరకముందే ఎవరిచేతనైనా తినిపించెయ్యాలి. తినేవాళ్లు కూడా సూక్ష్మజీవులే. అయితే ఇవి చెరువులో కాక, ఫాక్టరీ కట్టిన తొట్లలో పెరుగుతాయి. పాడిపశువులను సాకినట్టు వీటిని సాకాలి.

తెలివైన ఫాక్టరీ అంతకన్నా ముందు ఇంకో పని చేస్తుంది. మీ అమ్మగారు అంట్లు తోమేటప్పుడు గమనించారా? గిన్నెకు అంటుకున్న అన్నాన్ని ముందు చేత్తో తీసివేసి, ఆ తరవాతే నీళ్లు పోస్తారు. అలాగే నేల మీద పడ్డ గుజ్జును రబ్బరు పలకతో గీకి ఎత్తేస్తే, అది నీళ్లలోకి పోనేపోదు. పళ్లు ఆఖరుసారి కడిగిన నీళ్లు పెద్దగా మురికి కావు కనక, వాటిని మొదటిసారి కడగడానికి వాడుకోవచ్చు. వీటికి పెద్ద యంత్రాలు అక్కర లేదు, బుద్ధి ఉంటే చాలు. గీకి ఎత్తిన ఒక్కొక్క చెంచాకూ పది బిందెల నీళ్లు మిగిలినట్టే గదా! కోట్ల రూపాయల యంత్రాల కన్నా ఆ రబ్బరు పలక గొప్పదని నాకు అనిపిస్తుంది.

మిగిలిన నీళ్లు జల్లెడ దాటి మొదటి తొట్టిలోకి వస్తాయి. అవి పుల్లగా ఉంటాయి. తొట్టిలోని జీవులకు పులుపు గిట్టదు. అందుచేత సున్నం కలిపి పులుపు విరుస్తారు. ఇంకొక చిత్రం ఏమంటే, వాటికి తీపి ఒక్కటే పెడితే ఒళ్లు పట్టదు. రోజూ మూడుపూటలా బెల్లం తిని మీరు మాత్రం పెరగగలరా? వాటికి నత్రజని, భాస్వరం కూడా కావాలి. తీపి అరగడానికి 100 పాళ్ల ప్రాణవాయువు కావలసి ఉంటే, దానికి 5 పాళ్ల నత్రజనీ, 1 పాలు భాస్వరమూ ఉండాలని లెక్క. మామిడి రసంలో అంత ఉండదు. అందువల్ల పొలానికి వేసే యూరియా, భాస్వరపు ఎరువూ కొంచెం కొంచెం ఈ తొట్లలో కూడా వేస్తారు. మొట్టమొదట జీవులను తెచ్చేది ఎక్కణ్ణుంచో తెలుసునా? ఆవుపేడ నుంచి కూడా!

వీటిలో రెండు తెగలు ఉన్నాయి. ఒక తెగకు గాలి పొడ గిట్టదు. వాటిని మూసిన తొట్టిలో పెడతారు. అవి తీపిని తిని మిథేన్ వాయువు వదులుతాయి. గోబర్ గ్యాసులో మండేది ఇదే. ఒక కిలో ప్రాణవాయువు ఖర్చుపెట్టించగల మురికిని ఇవి తింటే, లెక్క ప్రకారం 350 లీటర్ల మిథేన్ పుడుతుంది. దాన్ని బాయిలరు కింద మండించి, గుజ్జును వేడిచేయవచ్చు. అంటే పండు కడిగిన నీళ్లే పండును వండుతాయన్నమాట! 1970 తరవాత హాలండు దేశంలో లెట్టింగా అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ ఈ జీవులు ఆవగింజలంతేసి ఉండలు కట్టి తొట్టి అడుగున నిలిచేటట్టు ఒక పద్ధతి కనిపెట్టారు. నీళ్లు అడుగు నుంచి పైకి మెల్లగా పోతూ ఉంటే, జీవులు కొట్టుకుపోకుండా కూచుని తింటాయి. దాన్ని మొదట వాడినది కూడా తీపి వస్తువు మీదే: దుంపల నుంచి చక్కెర తీసే ఫాక్టరీ నీళ్లకు.

రెండో తెగకు గాలి కావాలి. మొదటి తెగ వదిలేసిన ఎంగిలిని ఇవి తింటాయి. తెరిచి ఉన్న తొట్టిలోకి మోటార్లతో బుసబుసా గాలి కొడుతూ ఉంటారు. తిని బలిసిన జీవులు తరవాతి తొట్టిలో అడుగుకు దిగుతాయి, తేరిన నీళ్లు పైనుంచి పొర్లిపోతాయి. అడుగున చేరిన మడ్డిని ఆరబెట్టి ఎరువుగా వాడవచ్చు.

వినడానికి ఇది సులువుగానే ఉన్నది. కాని మామిడి ఫాక్టరీకి చాలా ఫాక్టరీలకు లేని కష్టం ఒకటి ఉన్నది. మామిడి ఏడాదంతా కాయదు గదా! ఇంచుమించు వేసవి నెలల్లోనే పని అంతా ముగుస్తుంది. వేరే పళ్లు దొరికితే సరే, లేకపోతే మిగతా నెలలు ఆ జీవులు ఏం తిని బతకాలి? గాలి గిట్టని తెగ గట్టిది. నెలల తరబడి తిండి లేకపోయినా నిద్రపోయినట్టు పడి ఉండి, మళ్లీ తిండి పెడితే లేస్తుంది. గాలి తెగకు అంత ఓర్పు లేదు, వాటిని మళ్లీ కొత్తగా పెంచుకోవలసిందే. ఏ తెగనైనా ఒక్కరోజులో సిద్ధంచేయడం కుదరదు, వారాలు పడుతుంది. తోటలో కాయ పిందెగా ఉన్నప్పుడే ఫాక్టరీవారు తొట్లలో పేడనీళ్లు కలిపి, రోజుకు కొంచెం చొప్పున తిండి పెంచుతూ పోవాలి. అలాకాక మొదటి లారీ వచ్చిన రోజున తొట్టి సంగతి గుర్తుచేసుకున్న ఫాక్టరీకి, జీవులు లేచేసరికి సగం కాపు అయిపోతుంది. ఈలోగా తియ్యని నీళ్లు ఎక్కడికి పోతాయో మీరే ఊహించవచ్చు.

మరి నీళ్లు బాగుపడ్డాయని ఎలా తెలుస్తుంది? తేటగా ఉన్నంత మాత్రాన చాలదు. పంచదార నీళ్లు కూడా తేటగానే ఉంటాయి! అందుకని, ఆ నీళ్లను సీసాలో పోసి, మూత బిగించి, సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువు ఖర్చుచేశాయో కొలుస్తారు. ఇంగ్లండులో 1898లో ఏర్పడిన ఒక సంఘం మురుగునీళ్ల సంగతి ఏళ్ల తరబడి విచారించి, 1912లో ఈ పరీక్షకు అయిదు రోజుల గడువు పెట్టింది. అక్కడి ఏరులు సముద్రం చేరడానికి అయిదు రోజులకు మించి పట్టదు కనక ఆ గడువు పెట్టారని చెబుతారు. మన దేశం వేడి కనక ఇక్కడి జీవులు చురుగ్గా తింటాయి. అందువల్ల మనం 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచి కొలుస్తాం. నీటి కాలుష్యాన్ని ఆపడానికి మన పార్లమెంటు 1974లో చట్టం చేసింది. పళ్ల ఫాక్టరీ బయటికి వదిలే నీళ్లకు లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టారు. ఫాక్టరీ కట్టేముందు ఒకసారి, పని మొదలుపెట్టేముందు ఇంకొకసారి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. 2016లో పరిశ్రమలను కాలుష్యాన్నిబట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు రంగులుగా విభజించినప్పుడు, పళ్ల ఫాక్టరీలు నారింజలో పడ్డాయి. మామిడిపండు రంగుకు అదే దగ్గర!

మీలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఈపాటికి నన్ను పట్టుకుని ఉంటారు. "నీళ్లలో ఉండేదే 8 మిల్లీగ్రాములైతే, 30 ఖర్చుపెట్టించే నీళ్లను వదలమనడం ఏమిటి?" అని. మంచి ప్రశ్నే. ఆ ఇంగ్లీషు సంఘంవారు తమ హద్దు పెట్టినప్పుడు, మురుగుకు కనీసం ఎనిమిదింతలు మంచి ఏటినీరు కలుస్తుందని అనుకున్నారు. మన వాగుల్లో మే నెలలో ఇసుకే కాని నీరేదీ? మామిడి ఫాక్టరీ పనిచేసేది సరిగ్గా వాగులు ఎండిన నెలల్లోనే. కనక జాగ్రత్త గలవారు శుద్ధిచేసిన నీళ్లను కూడా వాగులోకి వదలక, తమ ఆవరణలోని చెట్లకు పారించుకుంటారు.

ఇంకో చిక్కు ఉన్నది. పరీక్ష ఫలితం మూడోరోజున వస్తుంది. ఇవాళ వదిలిన నీళ్లు చెడ్డవని మూడు రోజుల తరవాత తెలిస్తే, అప్పటికి ఆ నీళ్లు ఎక్కడుంటాయి? అందుకని, రసాయనాలతో రెండు మూడు గంటల్లో తేలే మరొక పరీక్షను రోజూ చేస్తారు. కొన్నిచోట్ల ఆఖరి తొట్టిలో చేపలను కూడా వదులుతారు. చేపలకు లెక్కలు రావు గాని, అబద్ధం మటుకు చెప్పవు.

అబద్ధం సంగతి ఎందుకు వచ్చిందంటే, గాలి కొట్టే మోటార్లకు కరెంటు బాగా ఖర్చవుతుంది. రాత్రిపూట వాటిని ఆపివేస్తే డబ్బు మిగులుతుంది. చీకట్లో చూసేవాళ్లెవరు? అందుకే ఈ శుద్ధి యంత్రాలకు వేరే కరెంటు మీటరు పెట్టమంటారు. మోటారు తిరిగిందో లేదో ఆ మీటరు చెబుతుంది. తొలకరి వాన పడే రాత్రి ఇంకా పెద్ద ఆశ పుడుతుంది. వానలో అన్ని కాలవలూ పొంగుతున్నప్పుడు తూము ఎత్తేస్తే, ఎవరి నీళ్లు ఏవో తెలియదు గదా అని. ఆ ఊరి చెరువు బాగుండడం, తొట్ల దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి ఆ తూము ఎత్తుతాడా లేదా, అతనికి పైవారు ఏమని చెప్పారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక తొక్కల మాటా టెంకల మాటా చెబుతానన్నాను. తొక్కలు రెండోనాటికే పులిసిపోతాయి కనక, వెంటనే పశువులకు పెట్టాలి, లేకపోతే పేడతో కలిపి ఎరువు చేయాలి, లేదా మూసిన తొట్టిలో వేసి గ్యాసు తీయాలి. జామును గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థం కూడా తొక్కలో ఉన్నది. టెంక అంతకన్నా గొప్పది. దాని పైపెంకును ఎండబెట్టి బాయిలరులో ఊకతోపాటు మండించవచ్చు. లోపలి జీడిని ఏజెన్సీ ప్రాంతపు గిరిజనులు నీళ్లలో ఊరవేసి, వగరు పోగొట్టి, పిండిచేసి అంబలి కాచుకుంటారు. ఆ జీడిలో గట్టి కొవ్వు ఉన్నది. అది అచ్చం చాక్‌లెట్‌లో వేసే కోకో వెన్నలాగే నోట్లో కరుగుతుంది! ఐరోపా దేశాలు 2000లో చేసిన నియమం ప్రకారం, చాక్‌లెట్‌లో కోకో వెన్నకు తోడుగా నూటికి 5 పాళ్ల వరకు కలపడానికి ఒప్పుకున్న ఆరు రకాల కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. మనం పెరట్లోకి విసిరిన టెంక వంటిదే ఎక్కడో చాక్‌లెట్ అయి ఉండవచ్చు.

ఆఖరున మీరు ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. అమ్మనో నాన్ననో పక్కన ఉండమని, ఒకే రకం ఖాళీ సీసాలు రెండు తీసుకోండి. రెండింటిలోనూ చెరువు నీళ్లో, కాలవ నీళ్లో ముప్పాతిక వంతు పోయండి. ఒక దానిలో మాత్రం రెండు చెంచాల మామిడి రసం కలపండి. రెండింటి మూతులకూ బుడగలు తొడిగి, దారంతో కట్టి, నీడపట్టున పెట్టండి. రోజూ పొద్దున్నా సాయంత్రం చూసి, నీళ్ల రంగు ఎలా ఉన్నదో, ఏ బుడగ లేస్తున్నదో నోటుబుక్కులో రాసుకోండి. రసం కలిపిన సీసా మీది బుడగ లేస్తే, అది లోపలి జీవులు తీపిని తిని వదిలిన బొగ్గుపులుసు వాయువు. మూడోనాడు బుడగలు విప్పి రెండు సీసాలనూ వాసన చూడండి. ఆ నీళ్లు ఎవరూ నోట పెట్టకూడదు. చూశాక చెట్టుపాదులో పోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. అన్నట్టు, రసం కలిపిన సీసా విప్పేటప్పుడు ముక్కును కాస్త దూరంగా పెట్టుకోవడం మంచిది!